వెనకడుగు వేసిన బండమ్మ

దెబ్బ తగిలినవాణ్ని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? చూసే ఉంటారు. బడి మెట్ల మీద జారినవాడో, తలుపు సందులో వేలు నలిగినవాడో మీ ఇంట్లోనే ఒకడుంటాడు. అయితే ఏం చూశారో చెప్పండి. కన్నీళ్ళు అనకండి. కన్నీళ్ళు అందరికీ కనబడతాయి. దెబ్బ మోకాలికి తగిలితే పిడికిళ్ళు ఎందుకు బిగుసుకున్నాయి? పళ్ళు ఎందుకు కరుచుకున్నాయి? భుజాలు చెవుల దాకా ఎందుకు లేచాయి? ఊపిరి ఎందుకు ఆగిపోయింది? ఇవేవీ చూడలేదు కదూ. చూడనివాళ్ళ కోసమే ఈ కథ. కదలకుండా కూర్చుని వినండి.

అనగనగా ఒక కొండ అడవి. ఆ కొండ వాలులో ఇప్పచెట్ల కింద బండమ్మ అనే అడవిపంది తిరుగుతుండేది. దానికి ఒంటి మీద చారలు ఇంకా చెరగని పసిపిల్లలు ఉన్నాయి. బండమ్మ మంచిదే, కానీ మొండిది. ఎదురుగా ఎవరొచ్చినా తల వంచి ముందుకే దూకేది. ఒకసారి చిరుతపులి దారిలో నిలబడితే దాన్ని కూడా చెట్టెక్కించింది. "మా ఇంట్లో వెనకడుగు లేదు" అని బండమ్మకు వాళ్ళమ్మ చెప్పింది. వాళ్ళమ్మకు వాళ్ళ అమ్మమ్మ చెప్పింది. ఆ మాటే ఇప్పుడు బండమ్మ తన పిల్లలకు చెబుతోంది.

ఎండాకాలం వచ్చింది. తెల్లవారేసరికి ఇప్పపూలు రాలి, నేలంతా తియ్యటి వాసన. పిల్లలను వెంటబెట్టుకుని బండమ్మ పూలు తినడానికి బయలుదేరింది. ఆ దారి మీద ఒక వేటగాడు ముందురోజే ఉచ్చు పెట్టిపోయాడు. సైకిలు బ్రేకు తీగతో చేసిన ఉచ్చు అది. ఒక కొస తుమికి చెట్టు మొదలుకు కట్టాడు. రెండో కొసను చిన్న కన్నులా చుట్టి, తీగను అందులోంచి దూర్చి, వలయంలా ఆకుల కింద దాచాడు. బండమ్మ వెనక కాలు అందులో పడింది.

పడగానే ఏం చేసిందో మీకు తెలుసు. ముందుకు దూకింది. తీగ జారి బిగిసింది. ఇంకా గట్టిగా దూకింది. తీగ తోలు చీల్చుకుని కండలోకి దిగింది. బండమ్మ కేకకు కొండ మీది పిట్టలన్నీ లేచిపోయాయి. పిల్లలు చెల్లాచెదురై పొదల్లో దూరి ఏడుపు మొదలుపెట్టాయి.

చెట్టు మీద కొమ్మయ్య అనే కొండముచ్చు కూర్చుని ఉంది. చూసి జాలిపడింది. జాలి పడటానికి ఏం, కూర్చున్నచోటు నుంచే పడొచ్చు. కాలి వైపు చూడకు, అసలు కాలే లేదనుకో, ఆకాశం ఎంత బాగుందో చూడు అని బోధ చేసింది. బండమ్మ పాపం పైకి చూసింది. ఒక మబ్బు ముక్క కనబడింది. మరుక్షణం కాలు భగ్గుమంది. కాలు తెగిపోతుంటే మబ్బు ఎవరికి కావాలి? లేదనుకున్నంత మాత్రాన లేకుండా పోయేదైతే దాని పేరు నొప్పి ఎందుకవుతుంది?

తరువాత ఊళప్ప అనే నక్క వచ్చింది. అది కొంచెం ఎడంగా కూర్చుని తోక సర్దుకుంది.

"ఏమమ్మోయ్, చిరుతను చెట్టెక్కించినదానివి, ఈ సన్నపాటి తీగకు లొంగుతావా? కోపం తెచ్చుకుని ఒక్క లాగు లాగు. నీ వంశం పరువు చూసుకో" అంది.

అసలే మండిపోతున్న బండమ్మకు ఆ మాట ఎక్కడో తగిలింది. పళ్ళు బిగబట్టి, కళ్ళు మూసుకుని, ఉన్న బలమంతా పెట్టి లాగింది. తీగ ఎముక దాకా దిగింది. బండమ్మ ముందుకాళ్ళ మీద కూలబడిపోయింది. ఊళప్ప నాలుక చప్పరించి, ఎండెక్కేలోపు వేటగాడు గంజి తాగి కుక్కలతో వస్తాడని, తనకు వేరే పనుందని చెప్పి వెళ్ళిపోయింది. ఇలాంటి సలహాదారులు అడవిలోనే కాదు, అన్నిచోట్లా ఉంటారు. లాగేది వాళ్ళ కాలు కాదుగా.

అప్పుడు పుట్ట వెనక బొరియలోంచి ఒక గొంతు వినబడింది.

"ఎవరే అది, పడుకునే వేళకు ఈ గోల?"

ఆవిడ సూదవ్వ. ముసలి ముళ్ళపంది. రాత్రంతా దుంపలు తవ్వుకుని అప్పుడే కన్ను మూసింది. విసుక్కుంటూ బయటికి వచ్చింది. బండమ్మను చూసింది. తీగను చూసింది. తీగ వెంటే వెళ్ళి తుమికి చెట్టును చూసింది. ముళ్ళు గలగలలాడించుకుంటూ తిరిగొచ్చింది. ఆమె ముందు పాదానికి రెండు వేళ్ళు లేవు. అవి ఎలా పోయాయని బండమ్మ అడగలేదు. చూస్తేనే తెలిసిపోయింది.

"వెనక్కి రా" అంది సూదవ్వ.

"ఎక్కడికి?"

"నిన్ను కట్టేసిన చెట్టు దగ్గరికి."

"మా ఇంట్లో వెనకడుగు లేదవ్వా."

"మా ఇంట్లో యుద్ధమే వెనక్కి నడిచి చేస్తాం. అయినా పులులు మా జోలికి రావు. ఒసే, నువ్వు దూరం పోయేకొద్దీ ఇది బిగుస్తుంది. దాని దగ్గరికి పోతే వదులవుతుంది. నొప్పి నిన్ను పారిపొమ్మంటుంది. పారిపోతే కాలు దానికి వదిలేసి పోవాలి. ఇష్టమేనా?"

బండమ్మకు సిగ్గేసింది. పొదల్లోంచి పిల్లలు చూస్తున్నాయి. పిల్లల ముందు వెనక్కి నడవడమా? కానీ వాటిలో చిన్నది ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళు పెడుతోంది. తను పోతే వాటికి ఎవరున్నారు? బండమ్మ తల వంచింది. ముందుకు దూకడానికి కాదు. తన జన్మలో మొదటిసారి ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు వేసింది. తీగ సడలి నేల మీద పడింది.

అయితే కండలో దిగిన వలయం అలాగే ఉంది. దాన్ని కన్నులోంచి వెనక్కి తోసి వదులు చెయ్యాలి. సూదవ్వ పళ్ళతో పట్టుకుందో లేదో బండమ్మ కాలు విదిల్చింది. తీగ మళ్ళీ బిగిసింది. సూదవ్వ పెదవి తెగింది.

సూదవ్వ తిట్టింది. ఏమని తిట్టిందో పిల్లలకు చెప్పకూడదు. తిట్టడం అయ్యాక నెమ్మదిగా మాట్లాడింది.

"తెగింది కాలు కదా, దవడ ఎందుకు బిగించావు?"

బండమ్మ తన దవడ చూసుకుంది. నిజమే, రాయిలా ఉంది. దాన్ని వదిలింది. మెడ వదిలింది. వీపు వదిలింది.

"ఇప్పుడు ఊపిరి వదులు. పీల్చడం కాదు, అది దానంతటదే వస్తుంది. కాలిన చోట ఊదినట్టు మెల్లగా వదులు. నొప్పి ఎక్కడుంది?"

"కాలంతా."

"కాలంతా ఉండదు. వెతికి చెప్పు."

బండమ్మ వెతికింది. అప్పటిదాకా నొప్పికి దూరంగా పరుగెత్తినదే కానీ, దాన్ని తిరిగి చూసింది లేదు. గిట్టకు కొంచెం పైన, లోపలి వైపున ఉంది. మంటలా ఉంది. ఎల్లప్పుడూ ఒకేలా లేదు. ఎక్కుతోంది, ఎక్కుతోంది, ఆపైన దిగుతోంది. ఆ సంగతే చెప్పింది.

"అలా చెప్పు. ఎక్కేటప్పుడు నేను ఆగుతాను. దిగేటప్పుడు తోస్తాను. ఎక్కుతుంటే గుర్రుమను, చాలు" అంది సూదవ్వ.

అలా ఇద్దరూ పనిలో పడ్డారు. బండమ్మ గుర్రుమంటే సూదవ్వ ఆగేది. తగ్గగానే కొంచెం తోసేది. తీగ కదిలింది. సగం వలయం కండలోంచి పైకి తేలింది. అంతలో ఎక్కడో కుక్కలు మొరిగాయి.

బండమ్మ మనసు కాలిని వదిలేసి కుక్కల వెంట పరుగెత్తింది. కుక్కల పళ్ళు కనబడ్డాయి. వేటగాడి కత్తి కనబడింది. గోనెసంచిలో కొట్టుకుంటున్న పిల్లలు కనబడ్డాయి. ఒళ్ళంతా బిగుసుకుపోయి ఒక్క విదిలింపు విదిల్చింది. తీగ మళ్ళీ మొదటికి వచ్చింది.

"కుక్కలు వాగు అవతలే ఉన్నాయి. నీ బుర్రలో మాత్రం అప్పుడే నిన్ను తినేసి మూతి తుడుచుకున్నాయి" అని మండిపడింది సూదవ్వ. తల పైకెత్తి, "ఒరే కొమ్మయ్యా, నీకు పైన కూర్చోవడం బాగా వచ్చుగా. కుక్కలు ఎక్కడున్నాయో చూసి ఉన్నదున్నట్టు చెప్పు. బెదిరించొద్దు, బుజ్జగించొద్దు" అని పని అప్పగించింది. కొమ్మయ్య మొహం చిన్నబుచ్చుకుని చిటారుకొమ్మకు ఎక్కింది.

కానీ బండమ్మ ఒళ్ళు ఇక మాట వినడం లేదు. దవడ వదిలితే వీపు బిగుస్తోంది. వీపు వదిలితే కాళ్ళు వణుకుతున్నాయి. ఊపిరి ముక్కలు ముక్కలుగా తెగుతోంది. తన వల్ల కాదని, పిల్లలను తీసుకుని వెళ్ళిపొమ్మని సూదవ్వను బతిమాలింది. సూదవ్వ ఆ మాట విననట్టే ఉండి, వేరే మాట అడిగింది.

"పొద్దున్నుంచి వీళ్ళకు పాలిచ్చావా?"

"ఇప్పుడా?"

"ఇప్పుడే. పడుకో. పిల్లల్ని పిలువు."

పందులు పాలివ్వడం మీరు చూసి ఉండరు. తల్లి పక్కకు ఒరిగి పడుకుంటుంది. గొంతు లోపల్నుంచి గుర్, గుర్, గుర్ అని సన్నగా పిలుస్తుంది. అది పిల్లలకు జోలపాటలాంటిది. పిల్లలు వచ్చి పొదుగును ముట్టెలతో పొడుస్తాయి. తల్లి ఒళ్ళు వదులైతేనే పాలు దిగుతాయి. బెదిరిన తల్లికి పాలు దిగవు. పాలను ఎవరూ బలవంతంగా దింపలేరు, కోపంతో అంతకన్నా దింపలేరు.

బండమ్మ చెట్టు మొదట్లో ఒరిగి పడుకుంది. పిలిచింది. మొదట గొంతు పలకలేదు. పలికినా మధ్యలో తెగింది. అయినా పిల్లలకు ఆ పిలుపు తెలుసు. ఒక్కొక్కటే పొదల్లోంచి వచ్చాయి. వెచ్చటి ముట్టెలు పొట్టకు తగిలాయి. ఎక్కిళ్ళు పెట్టే చిన్నది అన్నిటికన్నా వెనక వచ్చి, అన్నల మీద ఎక్కి తొక్కి చోటు చేసుకుంది. బండమ్మ గొంతులో గుర్ గుర్ ఒక వరసలో పడింది. ఊపిరి ఆ వరస పట్టుకుంది. మెడ నేలకు ఆనింది. పాలు దిగాయి.

"కుక్కలు వాగు దిగాయి" అంది కొమ్మయ్య.

బండమ్మ వింది. గుర్, గుర్.

నొప్పి ఎక్కింది. సూదవ్వ ఆగింది. నొప్పి దిగింది. సూదవ్వ తోసింది. వలయం కండలోంచి లేచినప్పుడు ప్రాణం కళ్ళలోకి వచ్చింది. అయినా బండమ్మ పిలుస్తూనే ఉంది. ఇప్పుడు ఈ గుక్క. తరువాత ఇంకో గుక్క. అంతకు మించి ఏదీ తలచుకోలేదు.

"వాగు దాటాయి. ఇప్పచెట్ల దగ్గరికి వచ్చాయి."

గుర్, గుర్.

"లే" అంది సూదవ్వ.

బండమ్మ చూసుకుంది. ఉచ్చు నోరు తెరుచుకుని నేల మీద పడి ఉంది. కాలు బయట ఉంది. బండమ్మ మూడు కాళ్ళ మీద లేచింది. చిన్నది మాత్రం చన్ను వదలనంటే దాన్ని ముట్టెతో ఒక్క తోపు తోసి, అందరినీ వెంటబెట్టుకుని ముళ్ళ పొదల్లోకి దిగిపోయింది. సూదవ్వ వీపు తిప్పి, ముళ్ళు నిలబెట్టి, వెనక్కి నడుస్తూ బొరియలో దూరింది. ముందు వచ్చిన కుక్క ఆవిడ వెంట బొరియలో తల పెట్టి, పెట్టినంత వేగంగా తీసింది. ఆ తరువాత ఆ కుక్క వేటకు రానంటే రానని మొండికేసిందని కొమ్మయ్య అడవంతా చెప్పుకుంది. వేటగాడికి దొరికింది ఖాళీ తీగ, నలిగిన గడ్డి, గడ్డి మీద నాలుగు పాల చుక్కలు.

నొప్పి అక్కడితో తీరిపోయిందని చెబితే అబద్ధం. కాలు వాచింది. బండమ్మ రోజూ చల్లటి బురదలో కాలు పెట్టుకుని పడుకునేది. సలుపు ఎక్కినప్పుడు మెల్లగా ఊపిరి వదిలేది. మరీ ఓర్వలేనప్పుడు సూదవ్వను పిలిచి చెప్పుకునేది. సూదవ్వ విసుక్కుంటూనే వచ్చి కూర్చునేది. పిల్లలు బురదలో పొర్లి తల్లి మీద నుంచి దొర్లేవి.

ఒకనాడు అటుగా పోతున్న ఊళప్ప ఆగి, నొప్పి పోయిందా అని అడిగింది.

"పోలేదు. నొప్పీ ఉంది, నేనూ ఉన్నాను. ఈ మడుగు చల్లగా ఉంది" అని చెప్పి బండమ్మ కళ్ళు మూసుకుంది.

నీతి: నొప్పిని లేదనుకుంటే పోదు, దాని మీద కోపంతో లాగితే ఇంకా బిగుస్తుంది; దాని వైపు తిరిగి, ఒళ్ళు వదులు చేసి, ఒక్కో ఊపిరిగా, తోడున్నవాళ్ళ సాయంతో దాటాలి.

బండమ్మ ఒళ్ళు వదులయ్యే పని పిల్లలకు పాలివ్వడం. మరి మీ ఒళ్ళు వదులయ్యే పని ఏది?