తీపి లేని భరిణె

అనగనగా ఒక కొండరాజ్యం. దానికి మూడు వైపులా కోట గోడలు, నాలుగో వైపు మంచే గోడ.

ఆ రాజ్యంలో ఈరన్న అనే కొమ్ముబూర వాడు ఉండేవాడు. చలికాలం వచ్చిందంటే సాయంత్రానికి మంచు కమ్మేసేది. ఎదురుగా ఉన్న మనిషి కనపడడు, కాలికింద ఉన్న లోయ కనపడదు. అప్పుడు ఈరన్న కోటగుమ్మం మీదికెక్కి కొమ్ము ఊదేవాడు. ఆ పాట పట్టుకుని కొండ మీది మందలన్నీ ఒక్క మేక తప్పిపోకుండా ఇల్లు చేరేవి. అక్కడ పుట్టిన గొర్రెపిల్ల తల్లిపాలతో పాటు ఈరన్న పాట కూడా తాగేదని జనం చెప్పుకునేవారు.

ఈరన్నకు ఒక అలవాటుంది. బెల్లం కనపడితే ఆగడు. బెల్లం లేకపోతే తన పెదాలే నాకుతూ కూర్చుంటాడు.

"ఏమయ్యా, ఆ నాలుకను కాస్త లోపల పెట్టుకోరాదా?" అనేది భార్య తిమ్మక్క.

"పెడదామనే చూస్తానే. అది నా మాట వింటేగా!" అనేవాడు ఈరన్న.

ఆ ఏడు చలి ముందే వచ్చింది. ఈరన్న పెదాలు ఎండిన చెరువులా బీటలు వారాయి. ఒక సాయంత్రం కొమ్ము పెదాలకు ఆనించి ఊదబోయాడు. పాట రాలేదు. రక్తపు చుక్క వచ్చింది. మందలు దారి తెలియక కొండమీదే నిలబడిపోయాయి. ఊరంతా కాగడాలు పట్టుకుని పోయి వాటిని తోలుకొచ్చింది. ఆ కాగడాల్లో ఒకటి రాజుగారి చేతిలోనే ఉంది.

మరునాడు రాజు తన సేనలోని బూరగాణ్ణి ఊదమన్నాడు. వాడు కొండలు అదిరేలా ఊదాడు. గొర్రెలు యుద్ధం వచ్చిందనుకుని లోయ వైపు పరుగెత్తాయి! ఒక బుజ్జి గొర్రెపిల్ల అంచు మీదినుంచి జారింది. కాపరి దాని కాలు పట్టుకుని లాగబట్టి బతికింది.

రాజు ఈరన్న ఇంటికి నడిచి వచ్చాడు. "ఈరన్నా, మా గొర్రెలకు నీ పాటే పాట. అమావాస్యకు పెద్దమంచు దిగుతుంది. అప్పటికి నీ పెదాలు మానకపోతే మందలన్నీ అమ్ముకుని పల్లపు ఊళ్ళకు వలసపోవడమే మనకు గతి" అన్నాడు.

ఈరన్న తల దించుకున్నాడు. తిమ్మక్క కొంగు బిగించింది.

"నా మొగుడికి ఏం ఇష్టమో నాకు తెలియదూ?" అనుకుంది. వెన్నలో తేనె కలిపి, మెత్తగా నూరిన బెల్లం వేసి, పెదాలకు పట్టించింది. ఈరన్న ముఖం వెలిగిపోయింది. పట్టించినంత సేపు పట్టలేదు, అంతా నాకేశాడు. "ఇంకొంచెం పెట్టవే!" అన్నాడు. ఆమె పెట్టింది. అతను నాకాడు. పొద్దుగూకేసరికి బీటలు రెండింతలయ్యాయి.

"పోనీ, తీపి వద్దు. పరిమళం ఉండాలి" అనుకుంది తిమ్మక్క. పెళ్ళినాటి పెట్టెలో దాచిన పచ్చకర్పూరం తీసింది. దాల్చినచెక్క దంచింది. నేతిలో కలిపి పూసింది. ఇల్లంతా గుడిలా గుబాళించింది. ఈరన్న మాత్రం "అమ్మో! అయ్యో!" అంటూ పెరడంతా గంతులేశాడు. కట్టుకొయ్య దగ్గరి మేక నెమరు ఆపి మరీ చూసింది.

"నవ్వకే, మండుతోంది!" అన్నాడు ఈరన్న. కానీ తిమ్మక్క నవ్వడం లేదు. కళ్ళు తుడుచుకుంటోంది. అమావాస్య దగ్గరపడింది.

తేనె గిన్నె పెరటి అరుగు మీద పెట్టి ఆమె దిగులుగా కూర్చుంది. గోడ తొర్రలో కాపురముండే ముసలి తేనెటీగ ఒకటి ఎండపొడకు వచ్చి గిన్నె అంచున వాలింది.

"ఏం తల్లీ, మా తేనె చేదైందా?"

"చేదైతే బాగుండేది ఈగమ్మా! తీపై కూర్చుంది. ఆయన నాకకుండా ఉండలేడు, నేను పెట్టకుండా ఉండలేను."

ఈగ రెక్కలు టపటపలాడించి నవ్వింది. "పిచ్చితల్లీ, మా ఇల్లు ఎప్పుడైనా చూశావా? లోపలంతా తేనే. ఆ తేనెను కాచే గోడలు మాత్రం మైనం. మైనానికి తీపి లేదు. గోడలు కూడా తియ్యగా ఉంటే మేమే నాకి తినేసేవాళ్ళం. ఇల్లు ఎక్కడుండేది, తేనె ఎక్కడుండేది?"

తిమ్మక్క లేచి నిలబడింది.

"కొంచెం మైనం ఇస్తావా, ఈగమ్మా?"

"మేము వదిలేసిన పాత పట్టు తొర్ర పక్కనే ఉంది, తీసుకో. కాపురమున్న పట్టు జోలికి మాత్రం రాకు. వచ్చావో, నీ పెదాలకూ మందు కావలసి వస్తుంది!"

తిమ్మక్క పాత పట్టును వేడినీళ్ళలో కరిగించి, బట్టలో వడగట్టింది. చల్లారాక నీళ్ళమీద మైనం పసుపుపచ్చని అప్పంలా తేలింది. అందులో ఒక వంతుకు మూడు వంతులు నువ్వులనూనె తీసుకుంది. నిప్పు సూటిగా తగిలితే మైనం మాడుతుందని, మరుగుతున్న నీళ్ళలో గిన్నె నిలబెట్టి ఓపిగ్గా కరిగించింది. అలవాటు కొద్దీ చెయ్యి తేనె గిన్నె వైపు పోయింది. ఈరన్న ముఖం గుర్తొచ్చింది. 'ఒక్క చుక్కేగా' అనిపించింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. తేనెకు బదులు వేపాకు నలిపి ఆ నూనెలో వేసింది. కాసేపాగి ఆకు తీసేసి, కుంకుమ భరిణె ఖాళీ చేసి, కడిగి ఆరబెట్టి, అందులో పోసింది. కదపకుండా నీడన పెడితే, చూస్తుండగానే గడ్డపెరుగులా పేరుకుంది.

వేలికొసతో తీసి పెదాలకు రాసింది. ఈరన్న నాలుక ఎప్పటిలాగే బయటికి వచ్చింది.

"థూ! ఏమే, మొగుణ్ణి చంపుదామనుకున్నావా?"

"నాకితే చేదు, నాకకపోతే మందు. నీ ఇష్టం" అంది తిమ్మక్క.

ఆ నాలుక మళ్ళీ ఒకసారి బయటికి వచ్చింది. మరోసారీ వచ్చింది. ఆపైన దానికే బుద్ధొచ్చింది. పొద్దున, మధ్యాహ్నం, పడుకోబోయే ముందు తిమ్మక్క రాసింది. బీటలు ఒక్కొక్కటే పూడుకున్నాయి.

అమావాస్య సాయంత్రం పెద్దమంచు దిగింది. కోటగుమ్మం దగ్గర ఊరంతా ఊపిరి బిగబట్టి నిలబడింది. ఈరన్న కొమ్ము ఎత్తాడు. పాట మంచును చీల్చుకుంటూ కొండెక్కింది. కాసేపు ఏమీ లేదు. తరువాత ఎక్కడో ఒక మెడగంట. వెనక ఇంకొకటి. ఆ వెనక వందల గంటలు. అన్నిటికన్నా ముందు మంచులోంచి గెంతుకుంటూ వచ్చింది ఆనాడు జారిపడబోయిన బుజ్జి గొర్రెపిల్లే!

రాజు ఆనందంతో భరిణె తెప్పించుకున్నాడు. "ఇంత గొప్ప మందు ఎంత తియ్యగా ఉంటుందో!" అని నాలుకకు రాసుకున్నాడు. రాజుగారి ముఖం చూసి గొర్రెలు తప్ప అందరూ నవ్వారు.

"తిమ్మక్కా, ఏం కావాలో కోరుకో" అన్నాడు రాజు, నాలుక తుడుచుకుంటూనే.

"కాపురమున్న తేనెపట్టును ఎవరూ కొట్టకూడదని ఆజ్ఞ వేయండి, మహారాజా. వదిలేసిన పట్టుతోనే ఊరందరికీ మందు చేసి పెడతాను."

రాజు సరేనన్నాడు. ఆనాటినుంచి ఆ రాజ్యంలో ప్రతి ఇంటి గూట్లోనూ ఒక చిన్న భరిణె ఉంది.

ఇంటికి పోతూ ఈరన్న మెల్లగా అడిగాడు. "తిమ్మీ, ఇవాళైనా కాస్త బెల్లం పెడతావా?"

తిమ్మక్క నవ్వి కొంగుముడి విప్పి బెల్లంముక్క తీసింది. నోట్లోనే పెట్టింది, పెదాలకు అంటకుండా.

తీపిని కాచే గోడ తియ్యగా ఉండదు. మన మేలు కోరే చెయ్యి ఎప్పుడూ తీపే పెట్టదు.