కొంగ యువరాజు, తాబేటిచిప్ప

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా, నాకు మిగిలిన రెండు పళ్ళూ ఇప్పుడే రాలిపోవాలి, ఒట్టు!

అనగనగా చీనా దేశంలో, మబ్బుల్ని గీరేంత పొడుగు వెదురు అడవిలో కొంగల చక్రవర్తి ఉండేవాడు. ఆయన చిన్నకొడుకు వెన్లీకి పుస్తకాలంటే పిచ్చి. అప్పట్లో కాగితం ఎక్కడిది? వెదురు బద్దల మీదే రాత. వెన్లీ ముక్కును సిరాలో ముంచాడంటే, గంజి చల్లారేలోపు వెయ్యి కట్టలు రాసేసేవాడు!

అతనికో అలవాటుంది. ఎవరైనా పాత పుస్తకం తెస్తే నిగనిగలాడే నకలు రాసిచ్చి, అసలుది తనే ఉంచుకుంటాడు. కోతి మందుల పుస్తకం తెచ్చింది, నకలు పట్టుకెళ్ళింది. గుడ్లగూబ చుక్కల పుస్తకం తెచ్చింది, నకలు పట్టుకెళ్ళింది. మూడోసారి ముసలి తాబేలు వచ్చింది. దాని వీపు మీద ఇంకో చిప్ప, దాని నిండా పాతకాలపు గీతలు.

“ఇది చనిపోయిన మా అమ్మ చిప్ప, బాబూ. ఈ రాతేమిటో చదివి చెప్పవూ?”

వెన్లీ కళ్ళు బండిచక్రాలంతయ్యాయి. “రేపు రా అవ్వా,” అన్నాడు. మర్నాడు లక్క పూసిన కొయ్యచిప్ప ఇచ్చి పంపాడు.

సాయంత్రానికల్లా తాబేలు తిరిగొచ్చింది. “ఇది పలకడం లేదు బాబూ. అసలు చిప్పకు చెవి ఆనిస్తే మా అమ్మ నన్ను పిలిచేది.”

“గీతకు గీత సరిపోయిందిగా! ఇంకేం కావాలి?”

“మా అమ్మ కావాలి.”

“నీ బురదలో అది పాడైపోతుంది. నా దగ్గరే భద్రం.”

తాబేలు రెప్ప వెయ్యకుండా చూసింది. “గీతకు గీత సరిపోతే చాలంటావు. సరే బాబూ.”

అది గడప దాటగానే అడవిలో ఆకులన్నీ ఒక్కసారే ఊగడం మానేశాయి.

పొద్దున వెన్లీ గంజికి వెళ్తే, తల్లి పక్కన ఇంకో వెన్లీ కూర్చుని ఉన్నాడు! అదే తురాయి, అదే సిరా ముక్కు. ఒళ్ళు మాత్రం లక్కలా నిగనిగ.

“అమ్మా!”

మహారాణి తలెత్తింది. “ఎవరికి అమ్మని? నా కొడుకు ఇదిగో.”

“వాడు నకలమ్మా! అసలు నేను!”

“ఈకకు ఈక సరిపోయిందిగా. పైగా నీకంటే శుభ్రంగా ఉన్నాడు. ఎవర్రా అక్కడ? ఈ మాసిన కొంగను తరమండి!”

రెండోవాడు చప్పుడు లేకుండా నవ్వాడు. వాడి నోట్లో నాలుక లేదు. నల్లటి సిరా కదులుతోంది.

వెన్లీ పుస్తకాల గదిలోకి పరిగెత్తి, చిప్పకు చెవి ఆనించాడు. లోపలినుంచి సన్నగా ఒక పిలుపు. “బిడ్డా, ఎక్కడికి పోయావే?”

అచ్చం తన అమ్మ గొంతులాగే ఉంది! వెన్లీ చిప్పను వీపునేసుకుని, ఏడు నదుల్ని మూడు రెక్కవిసుర్లలో దాటి, తాబేలు ముందు దించాడు.

“తప్పైంది అవ్వా!”

తాబేలు చిప్పకు చెవి ఆనించింది. “ఆఁ, ఇక్కడే ఉన్నానమ్మా,” అంది. అడవిలో ఆకులు మళ్ళీ ఊగాయి.

వెన్లీ కోటకు వచ్చేసరికి తల్లి పక్క ఆసనం ఖాళీ. దాని మీద సిరా మడుగు. “ఎక్కడ తిరుగుతున్నావురా? గంజి చల్లారిపోయింది!” అని తిట్టింది తల్లి. అంత తియ్యటి తిట్టు అతను పుట్టాక వినలేదు. ఆ రోజే అసలు పుస్తకాలన్నీ ఎవరివి వాళ్ళకు చేర్చి, నకళ్ళు తనుంచుకున్నాడు. అయినా మహారాణి మాత్రం రోజూ గంజి పోసేముందు, “ఏదీ, నోరు తెరువు,” అని నాలుక చూసుకునేదట.

నీతి: ఒకరి ప్రాణంలాంటి వస్తువును తీసుకుని, బదులుగా ఎంత మంచిదిచ్చినా సరిపోదు.

సరే, లే. పక్కింటి సూరమ్మ దగ్గర అడిగి తెచ్చిన సొట్ట చెంబు ఉందే, అది ఇచ్చిరా. అదే, మన కొత్తది కాదు. ఆగాగు, వెళ్ళేముందు ఏదీ, నోరు తెరువు!