ఎలుగు చెప్పిన మొలలు, కోతి పీకిన మొలలు

తునికిచెట్ల అడవిలో జుంటయ్య అనే ఎలుగుబంటికి పెద్దరికం వచ్చింది. పెద్దరికంతో పాటు ఒక చెక్కబల్లా వచ్చింది. తెల్లారితే దాని మీద కూర్చోవడం, పొద్దు వాలేదాకా తగవులు తీర్చడం. వెనకటిలా తునికిపళ్ల కోసం గుట్టలెక్కే పని లేదు, దుంపలు తవ్వే పని లేదు. వచ్చినవాళ్లు తెచ్చిన ఎండుమాంసంతోనే కడుపు నిండేది. వాగు దూరమని నీళ్లు కూడా తగ్గించాడు. మధ్యలో కడుపు పిలిచినా లేచేవాడు కాదు.

"తీర్పు ఆపి పొదల చాటుకు పరిగెడితే పరువేముంటుంది?" అనుకుని బిగబట్టేవాడు.

పరువు నిలిచింది గానీ, కూర్చోవడమే గండమైంది. తీరిగ్గా పొదల్లోకి వెళ్లి ఎంత ముక్కినా కదలదు. చివరికొకనాడు నెత్తురు చుక్కలు పడ్డాయి. తడిమి చూసుకుంటే మెత్తగా ఒక పిలక తగిలింది. చెబితే మానం పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుంది. ఎవరితో అనగలడు?

మర్నాడు బల్ల మీద అటూ ఇటూ ఒరుగుతుంటే, ఆ బల్ల చేసిన వడ్రంగి కోతి చూసింది.

"ఏంటి మామా, పేలాల మూకుట్లో కూర్చున్నట్టు ఆ ఎగరడం?"

జుంటయ్య చుట్టూ చూసి గొణిగాడు. "మొలలురా."

"మొలలా! ముందే చెప్పొద్దూ? నేను చూసుకుంటాగా!"

వీడేం చూసుకుంటాడో జుంటయ్యకు అర్థం కాలేదు. నొప్పి ఓర్చుకోలేక తగవులు వాయిదా వేసి, బల్లకు దూరంగా ఓ చెట్టు నీడలో బోర్లా పడుకున్నాడు. అదను చూసి నక్క వచ్చి చెవి దగ్గర కూర్చుంది.

"మామా, పొదల వెనక ఎండుటాకుల మీద ఎర్రచుక్కలు చూశాను. పక్కన అడుగులు నీవే."

"మెల్లగా అఘోరించరా అల్లుడూ!"

"నేనెవరికి చెబుతాను? మొలలే కదా. ముదిరితే మాత్రం ప్రాణం దక్కదు. మధ్యాహ్నానికి నల్లజీడి రసం తెస్తా. పూస్తే మాడి రాలిపోతాయి."

"మంట పుట్టదూ?"

"పుట్టకపోతే అది మందెలా అవుతుంది? కొన్నాళ్లు నువ్వు బల్లెక్కలేవనుకో. నీ బదులు నేను కూర్చుంటాలే. అదే నా ఫీజు."

నక్క వినయం ఎరిగినవాడే అయినా, చావు భయంతో జుంటయ్య తలూపాడు. నక్క రసం కోసం ఉరికింది.

అంతలో కోతి గంతులేస్తూ వచ్చి, గుప్పిట విప్పింది. నిండా తుప్పుపట్టిన ఇనుప మేకులు.

"మామా, మొలలన్నీ పీకేశా! బల్లను ఊరికే ఆనించి వచ్చా. తాళ్లతో కట్టేదాకా ఎవరూ కూర్చోకూడదు సుమా!"

జుంటయ్య మేకుల వంక చూశాడు, కోతి వంక చూశాడు. ఎన్నాళ్ల తర్వాతో నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి, ఆపుకుంటే మరీ నొప్పి.

"ఒరే, ఆ మొలలు కాదురా... ఈ మొలలు!" అని వెనక్కి చూపించాడు.

"ఓస్, పైల్సా? నాకూ వచ్చాయి మామా పోయినేడు. నా వెనక ఎప్పుడూ ఎరుపే కదా, ఎవరికీ తెలియలేదు! పద, నాకు తగ్గించిన కొంగ డాక్టరమ్మ దగ్గరికి."

కొంగను చూడగానే జుంటయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "ఆ ముక్కు ఏంటమ్మా అంత పొడుగు?"

"ముక్కు చేపలకయ్యా. నీకు కళ్లు చాలు. అటు తిరుగు."

చూసింది. జుంటయ్య కళ్లు మూసుకుని అడిగాడు. "నేను చచ్చిపోతానా?"

"దేనికి? లోపల మెత్తని దిండ్లలా రక్తనాళాలు అందరికీ ఉంటాయి. నువ్వు ముక్కి ముక్కి వాటిని ఉబ్బించావు. నెత్తురు వాటిదే. అలాగని నెత్తురు పడ్డప్పుడల్లా మొలలేనని ఎవరికి వారు తేల్చుకోకూడదు, వేరే జబ్బులకూ పడుతుంది. చూపించుకోవాలి."

"మరి కోత?"

"అందరికీ కోతెందుకు? పళ్లు, దుంపలు, ఆకులు తిను. నీళ్లు బాగా తాగు. కడుపు పిలిస్తే రాజు ముందున్నా సరే, లేచి వెళ్లు. అక్కడ ముక్కకు, ఎక్కువసేపు కూర్చోకు. గోరువెచ్చని నీళ్లలో కాసేపు కూర్చుంటే నొప్పి తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే పిలక మొదట్లో చిన్న రబ్బరు పట్టీ వేస్తాను, పిలక దానంతటదే వాడిపోయి రాలిపోతుంది. కోత బాగా ముదిరినవాళ్లకే."

"నక్క జీడి రసం పూస్తానన్నాడు..."

కొంగ మెడ ఈకలు నిక్కబొడుచుకున్నాయి. "చర్మం కాలి పుండవుతుందయ్యా! ప్రాణం మీదికొచ్చేది అప్పుడే!"

జుంటయ్య కళ్లు చెమర్చాయి. "నా ప్రాణం నాకిచ్చావు తల్లీ," అని కొంగకు దండం పెట్టాడు. కోతి వైపు తిరిగి, "నీ తెలివితక్కువతనానికి ఇంకో దండంరా! నువ్వు ఆ మొలలు పీకకపోతే నేను ఈ మొలలతో ఇక్కడిదాకా వచ్చేవాడినే కాదు," అన్నాడు.

సరిగ్గా అప్పుడే బల్ల వైపు నుంచి ఫెళ్లుమని చప్పుడు, వెనకే అడవి అదిరేలా కేక.

పరిగెత్తారు. ఖాళీగా ఉన్న బల్లను చూసి నక్క ఆగలేకపోయింది. రసం దొప్ప పక్కన పెట్టుకుని దర్జాగా ఎక్కింది. మొలలు లేని బల్ల నాలుగు చెక్కలై కూలింది. దొప్ప తిరగబడింది, నక్క వెళ్లి సరిగ్గా ఆ రసంలోనే చతికిలబడింది.

"ఏమైందిరా అల్లుడూ?" అన్నాడు జుంటయ్య.

నక్క వెనక భాగాన్ని తోకతో కప్పుకుని, సిగ్గుతో నేల చూస్తూ గొణిగింది. "మొలలు మామా..."

"ఏ మొలలు?" అంది కోతి, గుప్పిట విప్పి చూపిస్తూ.

ఆ మంట చల్లార్చిందీ కొంగ డాక్టరమ్మే. జుంటయ్యే స్వయంగా వాగు నుంచి నీళ్లు మోశాడు. పోతూ వస్తూ దారిలో తునికిపళ్లు తిన్నాడు. ఆ రోజు నుంచి తగవులన్నీ నడుస్తూనే తీర్చాడు. కడుపు పిలిస్తే మాత్రం, "ఇప్పుడే వస్తా," అని అందరికీ వినబడేలా చెప్పి మరీ వెళ్లాడు. ప్రతి వేసవిలో తొలి తునికిపళ్ల గుత్తి కోతికి, రెండోది కొంగకు చేరేది.

నీతి: సిగ్గుపడి దాచిన జబ్బు నక్కకు మేత, నోరు విప్పి చెప్పిన జబ్బు వైద్యానికి లొంగుతుంది.