ముళ్ళక్కకు దొరికిన మనవాళ్ళు

బోడిగుట్ట మీద వానలకు ముందు రోజులు ఇళ్ళ బేరాల రోజులు. ఎండాకాలమంతా పొద కింద, బండ నీడన ఎక్కడపడితే అక్కడ పడుకున్న జంతువులకు మొదటి మబ్బు కనబడగానే బొరియ గుర్తొస్తుంది. అప్పుడందరూ వచ్చి నిలబడేది ముళ్ళపంది గుమ్మం ముందే. గుట్టంతా ఆమెను ముళ్ళక్క అంటుంది. ఎవరో వదిలేసిన బొరియను పట్టుకుని, బూజు దులిపి, లోపల వెడల్పు చేసి, వెనకవైపు ఇంకో దారి తవ్వి అద్దెకివ్వడం ఆమె వ్యాపారం. అద్దె దుంపల్లో తీసుకుంటుంది.

ఆమెకు ఇంకో పేరు కూడా ఉంది, అనుమానప్పక్షి అని. అద్దె కింద వచ్చిన దుంపను రెండు వైపులా వాసన చూస్తుంది. బాగున్నావా అని ఎవరైనా అడిగితే, ఎందుకడిగావని ఎదురడుగుతుంది. అనుమానం తగలగానే వీపు మీద ముళ్ళు వాటంతటవే లేస్తాయి. నాకైతే ఆమెలో ఏ తప్పూ కనబడదు. బొరియల వ్యాపారంలో ముళ్ళు లేనివాళ్ళు ఎక్కువకాలం నిలవగా నేను చూడలేదు.

ఆ ఏడు నక్క వచ్చి ఆమె గుమ్మం ముందు తీరిగ్గా కూర్చుంది.

"ఎన్నాళ్ళక్కా ఈ ఒంటిచేతి వ్యాపారం? ఇళ్ళు చూసిపెట్టేవాడొకడు, తవ్వేవాడొకడు, నేల సంగతి చెప్పేవాడొకడు వెనకుంటే ఈ గుట్టంతా నీదే కదా."

సలహా మంచిదే. చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డ సలహా అయివుంటే ముళ్ళక్క అప్పుడే పసిగట్టేది.

వాగు ఒడ్డున పొడుగుదిబ్బ ఉందని, లోపల బోలెడన్ని గదులని నక్క చెప్పుకొచ్చింది. అది ఉడుముదట. ఉడుముకు వయసైపోయిందట. అంత పెద్ద ఇల్లు ఊడ్చుకోలేక, గుట్ట మీద చిన్న ఇల్లొకటి దొరికితే దిబ్బ మొత్తం ఇచ్చేస్తానంటోందట. ముళ్ళక్క తన ఇల్లు ఉడుముకిచ్చి దిబ్బ తీసుకుంటే, ఒక గదిలో తనుండి మిగతావన్నీ అద్దెకిచ్చుకోవచ్చు.

ముళ్ళక్క ఇల్లు పెద్ద బండ కింద వాళ్ళమ్మ తవ్వింది. ఎంత జడివాన పట్టినా లోపల చుక్క తడి ఉండదు. ఆ ఇంట్లో ఇప్పుడామె పిల్లలున్నారు, ఇంకా ముళ్ళు గట్టిపడని పసివాళ్ళు. ఇల్లు మార్చుకునే మాట వినగానే ఆమె వీపు మీద ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి. నీ మాట ఎందుకు నమ్మాలని అడిగింది.

"నమ్మొద్దక్కా. నమ్మమని నేనన్నానా? పందికొక్కును పంపిస్తా, గోడలన్నీ చూసొస్తాడు. తవ్వకంలో వాణ్ణి మించినవాడు లేడు. మనవాడే."

నన్ను నమ్ము అంటే మండిపడే ముళ్ళక్క, నమ్మొద్దు అనేసరికి సగం మెత్తబడింది. పందికొక్కు వెళ్ళి చూసొచ్చి, గోడలు రాయిలా ఉన్నాయంది. ఆమెకు పందికొక్కు మీద అనుమానం వచ్చింది. అనుమానం రావడం మంచిదేనని నక్క మెచ్చుకుంది. వాగు పక్క నేల కాబట్టి తడి సంగతి ఎండ్రకాయను అడగమంది. పుట్టిందీ పెరిగిందీ నీళ్ళలోనే కనుక తడి గురించి దానికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదంది. అదీ మనవాడేనంది. ఎండ్రకాయ అడ్డంగా నడుచుకుంటూ దిబ్బలోకి వెళ్ళి, చాలాసేపటికి ఎంతో సంతోషంగా బయటికొచ్చి, లోపలంతా పొడేనని చెప్పింది.

అయినా ముళ్ళక్క ఊరుకుందా? ఎండ్రకాయ మీద పందికొక్కును, పందికొక్కు మీద ఎండ్రకాయను, ఇద్దరి మీదా నక్కను కాపలా పెట్టింది. వాడు బంగారమని వీడు, వీడు బంగారమని వాడు వచ్చి చెప్పారు. ఇద్దరూ బంగారమేనని నక్క చెప్పింది. తన అనుమానంతో గాలించి గాలించి ఇంత మంచి జట్టును కూడగట్టుకున్నానని ముళ్ళక్క మురిసిపోయింది. అంతమందిని అనుమానించిన ముళ్ళక్క, వాళ్ళందరూ ఏ దారిన వచ్చారన్నది మాత్రం ఒక్కసారీ చూసుకోలేదు.

ఇల్లు మార్చుకునే రోజు వచ్చింది. పడమట నల్లటి మబ్బు పట్టింది. ముళ్ళక్క పిల్లల్ని వెంటబెట్టుకుని దిబ్బ దగ్గరికి వచ్చింది. నక్క, ఉడుము, ఎండ్రకాయ అప్పటికే అక్కడున్నారు. అప్పుడే పందికొక్కు దిబ్బ లోపలి నుంచి బయటికొచ్చింది. దాని పొట్ట కింద పచ్చి బురద. ఇదెక్కడిదని ముళ్ళక్క అడిగింది. పందికొక్కు నోరు తెరిచేలోపే నక్క అందుకుంది.

"మావాడికి పొద్దున్నే వాగులో దిగే అలవాటక్కా."

ముళ్ళక్క ముళ్ళు జివ్వున లేచాయి. వాగు స్నానం గురించి ఆమె పట్టించుకోలేదు. ఆమె చెవిన పడింది 'మావాడు' అన్న మాట. ఇన్నాళ్ళూ పందికొక్కు మనవాడు. మన అంటే అందులో తనూ ఉంది. మా అంటే నక్క ఉంది, పందికొక్కు ఉంది, ఇంకా ఎవరెవరున్నారో తెలీదు గానీ తను మాత్రం లేదు. గొప్పలు చెప్పేటప్పుడు మనవాడు, కప్పిపుచ్చేటప్పుడు మావాడు.

ఆమె ఒక్కొక్కరి మొహమూ మళ్ళీ చూసింది. గోడలు చూసినవాణ్ణి నక్క తెచ్చింది. తడి చూసినవాణ్ణి నక్క తెచ్చింది. ఇల్లు ఇస్తానన్న ఉడుమునూ నక్కే తెచ్చింది. ఇందులో తను వెతుక్కున్నవాడు ఒక్కడూ లేడు. పక్కన నిలబడ్డ పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. వీళ్ళని ఎక్కడికి తీసుకొచ్చాను అనుకుంది.

అయినా బయటపడలేదు. బలవంతాన ముళ్ళు అణుచుకుని నవ్వింది.

"ఒక్క ఆచారం మిగిలింది తమ్ముడూ. కొత్తింట్లోకి మనుషులు ముందు ఆవును తోలతారు. మనకి ఆవు లేదు, మనవాళ్ళున్నారు. ముందు మీరంతా వెళ్ళి కింది గదిలో కూర్చోండి. ఒక్క వాన పడి వెలిశాక నేనూ పిల్లలూ వస్తాం. అప్పుడే మా ఇల్లు ఉడుముది."

నక్క మబ్బు వంక చూసింది. "మాకెందుకక్కా ఈ మర్యాదలు" అని నసిగింది.

"మళ్ళీ మా అంటావేంటి? మనవాళ్ళు కాదూ?"

నక్క లోపలే లెక్క వేసుకుంది. కాదంటే బండ కింది ఇల్లు చేజారిపోతుంది. నిన్నా మొన్నా కూడా మబ్బు ఇలాగే పట్టి ఇలాగే తేలిపోయింది. ఇవాళా అంతేలే అనుకుని లోపలికి నడిచింది. ఉడుమూ పందికొక్కూ మొహాలు వేలాడేసుకుని వెనకే వెళ్ళాయి. ఎండ్రకాయ మాత్రం అందరికంటే ముందే ఉత్సాహంగా దిగిపోయింది. ముళ్ళక్క అదీ గమనించి, పిల్లల్ని తోలుకుని గుట్టెక్కింది.

ఆ రోజు మబ్బు తేలిపోలేదు. వాన కుండపోతగా కురిసింది. దిబ్బలోకి నీళ్ళు పైనుంచి రాలేదు, కింది గది నేలలోంచే ఉబికాయి. పందికొక్కు ముందు ఎగిరి బయటపడింది. మునిగిపోతానన్న భయంతో ఉడుము నక్క తోక పట్టుకుంది. ఉడుము పట్టు సంగతి తెలిసిందే కదా, నక్క దాన్ని ఈడ్చుకుంటూనే బయటికి రావాల్సొచ్చింది. ఎండ్రకాయ అసలు బయటికే రాలేదు. దానికది పుట్టిల్లు.

ముగ్గురూ బురద ఓడుతూ గుట్టెక్కి, బండ కింది గుమ్మం ముందు నిలబడ్డారు. తోక వదిలిన ఉడుముకు ఇక దాచే ఓపిక లేకపోయింది.

"నాదేం లేదు తల్లీ. దిబ్బ నక్కది. కిందటేడు వానలకు వాడి కాపురం అందులో మునిగింది. ఈ ఇంటి మీద కన్నేశాడు. నా పేరు చెప్పుకుంటానన్నాడు, చెప్పుకోమన్నాను."

నక్క ఆ మాట విననట్టే ముందుకొచ్చింది. వణుకుతూ గొంతు తియ్యగా చేసుకుంది.

"జరిగిందేదో జరిగిపోయిందిలే అక్కా. తడిసి ముద్దయ్యాం. మనవాళ్ళమే కదా, కాస్త లోపలికి జరుగు."

ముళ్ళక్క లోపల పొడిగా పడుకున్న పిల్లల్ని ఒకసారి చూసుకుంది. ఆ తర్వాత మెల్లిగా వెనక్కి తిరిగింది. గుమ్మం నిండా ఆమె వీపే, వీపు నిండా లేచి నిలబడ్డ ముళ్ళే.

"ఇది మా ఇల్లు తమ్ముడూ" అంది.

వానలు వెలిశాక ఆమె మళ్ళీ జట్టు కట్టుకుంది. ఈసారి గుట్ట చుట్టూ తనే తిరిగింది. నేల చూడ్డానికి తాబేలునూ తవ్వకానికి ఎలుగుబంటినీ పెట్టుకుంది. వాళ్ళిద్దరికీ ఒకరి మొహం ఒకరికి గిట్టదు. పోట్లాడుకుంటూ వచ్చి కూడా ఇద్దరూ ఒకే మాట చెబితే, ముళ్ళు దించుకుని మరీ వింటుంది.

నీతి: ఎదుటివాడు తెచ్చి నిలబెట్టిన నలుగురూ నలుగురు కారు, ఆ ఒక్కడే, నీ జట్టును నువ్వే వెతుక్కో.