కొంగుముడిలో నల్ల ఉండ

ఇటు తిరిగి పడుకో నిస్సీ. రెండుసార్లు సబ్బేసి కడిగినా నీ వేళ్ళు ఇంకా కైమా వాసనే వస్తున్నాయి. రానీలే. పొద్దున్నుంచి నా కొంగు పట్టుకుని తిరుగుతున్నావు కదా, పులుసులో ఆ నల్లటిదేం వేశావు అమ్మమ్మా అని. అంత అనుమానం దేనికే నీకు? చెప్తాను విను. మధ్యలో లేచి కూర్చున్నావంటే కథ ఆపేస్తాను.

అనగనగా ఒక రైలు జంక్షనూళ్ళో, పట్టాల పక్కన, ఎర్ర ఇటుకల క్వార్టర్లు ఉండేవి. ఆ వరసలో ఒక క్వార్టరులో దానమ్మ అని ఒకావిడ. మొగుడు పోయాడు. ఒక్కగానొక్క కొడుకు ఇమ్మానుయేలు. వచ్చే రైలుని ఈ పట్టా మీంచి ఆ పట్టా మీదకి మళ్ళించే పని వాడిది.

దానమ్మ మంచిదే. కాకపోతే అనుమానం మనిషి. పాలు పోయించుకుంటే వేలు ముంచి చూసేది. ఇంటికెవరైనా వచ్చి వెళ్తే చాప దులిపి చూసేది. ఎండ బాగా కాస్తే, ఇంత మంచిగా ఎందుకు కాస్తోందో అనేది. పెద్దకూర తెచ్చుకున్నా సరే, కొట్లో కైమా కొట్టించేది కాదు. కొట్టాక అందులో ఏం కలిపారో ఎవడు చూడొచ్చాడు అనేది. ముక్కగా తెచ్చుకుని, చెక్కమొద్దు మీద పెట్టి, రెండు చేతుల్లో రెండు కత్తులు పట్టుకుని తనే టకటకా కొట్టుకునేది. ఆ చప్పుడు వింటే క్వార్టర్లన్నిటికీ తెలిసేది, ఇవాళ శనివారమని.

అప్పుడు ఆ ఇంటికి కోడలొచ్చింది. పేరు ఎస్తేరు. వాళ్ళ నాన్న వేరే ఊళ్ళో రన్నింగ్ రూములో వంటమనిషి. దూరం నుంచి రైళ్ళు నడుపుకొచ్చిన డ్రైవర్లు దిగి, తిని, పడుకునే ఇల్లది. ఈ పిల్ల పెళ్ళైన నెలకే ఆ నాన్న పోయాడు. క్వార్టరు ఖాళీ చేయించారు. ఆ పిల్లకి వెనక్కి వెళ్దామన్నా ఇల్లంటూ లేదు.

కోడలు వంటింట్లో అడుగు పెట్టగానే దానమ్మ మూడు మాటలు చెప్పింది. గిన్నె మీద మూత తీసి ఉంచకూడదు. కైమా బయట కొట్టించకూడదు. మాంసంలో తీపి తగలకూడదు. ఏదో పెళ్ళిలో కూర తియ్యగా ఉందని విస్తరి మడిచి లేచొచ్చాను, తెలుసా అని కూడా చెప్పింది. ఎస్తేరు మూడింటికీ తలూపింది.

శనివారం వచ్చింది. దానమ్మ కైమా కొట్టి ఇచ్చింది. ఎస్తేరు ముందు ఉల్లిపాయలు ఎర్రగా వేయించింది. అప్పుడు అల్లం వెల్లుల్లి వేసింది. ఆ తర్వాత కైమా వేసి, నీరంతా ఇగిరి నూనె పైకి తేలేదాకా కలుపుతూనే ఉంది. అప్పుడు టమాటాలు, కారం, చింతపండు పులుసు. దానమ్మ చేసే కైమా పొడిపొడిగా ఉండేది. ఇదేమో జారుగా, చిక్కగా, గరిటె తిప్పితే బుడుక్కు బుడుక్కుమంటూ ఉడికింది. చివర్లో పిల్ల పొయ్యివైపు తిరిగి, అత్తకి వీపు పెట్టి, కొంగుముడి విప్పి ఏదో గిల్లి వేసింది. మళ్ళీ ముడేసుకుంది.

ఆ తర్వాత గుప్పెడేసి ఉండే బేకరీ బన్నుల్ని మధ్యకి కోసి, పెనం మీద వెన్నతో కాల్చి, ఒక్కోదాంట్లో గరిటెడు కైమా పెట్టింది. ఇవాళ నువ్వు చేశావే, అలాగే. ఒక చేత్తో రైలు నడుపుతున్నా రెండో చేత్తో తినేయొచ్చని వాళ్ళ నాన్న డ్రైవర్లకి చేసిపెట్టేవాడట. తినొచ్చు గానీ, పులుసు మోచేతిదాకా కారుతుంది. నీ గౌను చూడు, తెలుస్తుంది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మూడు వింతలు జరిగాయి. డ్యూటీ దిగి టీకొట్టు దగ్గర గంటలు గంటలు నిలబడే ఇమ్మానుయేలు, శనివారమైతే చాలు, తిన్నగా ఇంటికి రావడం మొదలెట్టాడు. అది ఒకటి. పక్కింటాయన ముగ్గు డబ్బా అడగాలనో, టైము కనుక్కోవాలనో గోడ దగ్గర నిలబడి గాలి పీల్చడం మొదలెట్టాడు. అది రెండు. మూడోది చూసి దానమ్మ హడలిపోయింది. రెండు బన్నులు తిని చాలనుకున్నాక, ఆవిడ చెయ్యి ఆవిడ మాట వినకుండా మూడో బన్ను అందుకుంది.

పక్కింటావిడ కూడా ఇదంతా చూస్తోంది. అంతవరకూ ఆ వరసలో కైమా అంటే ఆవిడదే. క్రిస్మస్‌కి ఆవిడ గిన్నె కోసమే అందరూ ఎదురుచూసేవారు. ఇప్పుడు కట్టుకున్న మొగుడే గోడెక్కి వాసన పీలుస్తున్నాడు.

పేరా? పక్కింటావిడ పేరు నీకెందుకే? విను.

ఒకరోజు కుళాయి దగ్గర పక్కింటావిడ బిందె పెట్టి, దానమ్మ చెవి దగ్గరకొచ్చింది. "అక్కా, ఎందుకైనా మంచిది, చూసుకో. మీ కోడలు మందేమైనా పెడుతోందేమో" అంది.

మందంటే జ్వరానికి వేసుకునేది కాదమ్మా. తిండిలో కలిపి పెడితే తిన్నవాళ్ళు పెట్టినవాళ్ళ చుట్టూ తిరుగుతారని చెప్పుకుంటారు. అలాంటిది లోకంలో లేదు. నమ్మేవాళ్ళు మాత్రం ఊరికి నలుగురుంటారు. మామూలు మనిషి చెవిలో వేస్తే ఆ మాట ఈ చెవిలోంచి వచ్చి ఆ చెవిలోంచి పోయేది. దానమ్మ చెవిలో పడింది. అక్కడే వేరు పట్టింది.

ఆ శనివారం దానమ్మ పీట వేసుకుని పొయ్యి పక్కనే కూర్చుంది. ఎస్తేరు కొంగుముడి మీద చెయ్యి వేసింది.

"ఏంటది?" అని అడిగింది దానమ్మ.

"ఏం లేదత్తయ్యా" అంది ఎస్తేరు.

అనుమానం మనిషితో ఏమైనా చెప్పొచ్చు గానీ, ఏం లేదని మాత్రం చెప్పకూడదు నిస్సీ. ఆ రోజునుంచి దానమ్మ కోడలి చేతి తిండి మానేసింది. తన అన్నం తనే వండుకుని, పచ్చడేసుకుని, గోడవైపు తిరిగి తినేది. ఎస్తేరు ఒక్క బన్ను తినండని బతిమాలితే ఆకలి లేదనేది. ఆకలి లేకపోవడమేమిటి, కడుపు కాలిపోతోంది.

అప్పుడు దానమ్మ మూడు పరీక్షలు పెట్టింది. మొదటిసారి ఒక బన్ను తీసుకెళ్ళి పెరట్లో పిల్లికి వేసింది. పిల్లి మూతి నాక్కుంది. ఆ తర్వాత ఎస్తేరు ఎటు వెళ్తే అటు మ్యావుమంటూ తిరిగింది. "చూశావా, పిల్లి కూడా లొంగిపోయింది" అనుకుంది దానమ్మ. మాంసం పెట్టిన ఇంటిని వదిలి పిల్లి ఎక్కడికి పోతుందే?

రెండోసారి ప్రార్థనప్పుడు. తినేముందు ప్రార్థన చేసుకోవాలి కదా. ఇమ్మానుయేలు ప్రార్థన పొడుగు. ఊళ్ళో వాళ్ళందరి పేర్లూ అయ్యేసరికి బన్నులు చల్లారిపోయేవి. అందరూ కళ్ళు మూసుకున్నప్పుడే ఆ పిల్ల ఏదో చేస్తోందని, దానమ్మ ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి చూసింది. చూస్తే ఏముంది? ఎస్తేరు కూడా ఒక కన్ను తెరిచే ఉంది. ఇవాళైనా అత్త తింటుందా అని ఆ పిల్ల ఆశ. రెండు కళ్ళూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. వెంటనే రెండూ మూసుకున్నాయి. తప్పు చెయ్యకపోతే కన్నెందుకు తెరుస్తుంది అనుకుంది దానమ్మ. తనెందుకు తెరిచిందో మటుకు అనుకోలేదు.

మూడోసారి ఎస్తేరు నీళ్ళు పోసుకోవడానికి వెళ్ళినప్పుడు, విడిచిన చీర కొంగుముడి విప్పింది. లోపల కాగితం. కాగితంలో నల్లటి ఉండ. మెరుస్తోంది, జిగటగా ఉంది. దానమ్మ దాన్ని కాగితంతోనే పట్టుకుంది. ముట్టుకోవడానికే భయపడిన మనిషి నాలిక మీద వేసుకుంటుందా? గబగబా తీసుకెళ్ళి, బైబిలు పెట్టుకునే రేకుపెట్టెలో పెట్టి మూతేసింది. ఆ మందు ఇంకెక్కడున్నా పనిచేస్తుందేమో గానీ బైబిలు పక్కన పనిచెయ్యదని ఆవిడ ధైర్యం.

అప్పుడు దానమ్మ సంఘపెద్ద యాకోబయ్యగారికి కబురు పెట్టింది. ఆదివారం ఆరాధన అవ్వగానే మా ఇంటికి రండి, ఈ పిల్లని పంపేస్తాను అని. ఇమ్మానుయేలు ఎంత చెప్పినా వినలేదు. ఎస్తేరు ఆ రాత్రి బట్టలు సర్దుకుంది. ఎక్కడికి వెళ్ళాలో తెలియకుండానే సర్దుకుంది. తలచుకుంటే నాకిప్పటికీ నిద్ర పట్టదు.

ఆదివారం వచ్చింది. చాప మీద యాకోబయ్యగారు కూర్చున్నారు. పక్కన ఇమ్మానుయేలు. సాక్ష్యానికని దానమ్మ పక్కింటావిడని కూడా పిలిచింది. ఎస్తేరు వంటింటి గుమ్మంలో నిలబడింది. ఏమైనా సరే వెళ్ళేముందు వండిపెట్టాలని కైమా పొయ్యి మీద పెట్టింది. నల్ల ఉండ పోయింది కాబట్టి అది వెయ్యకుండానే వండింది.

దానమ్మ పెట్టె తెచ్చి మధ్యలో పెట్టి, "మీరే చూడండి అయ్యగారూ" అని మూత తీసింది.

పెట్టె నిండా చీమలు. గోడలో బొక్క దగ్గర్నుంచి బారు కట్టి, మూత సందులోంచి దూరి, ఆ ఉండని కమ్ముకున్నాయి. యాకోబయ్యగారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. వేలితో కొంచెం గీరి నాలిక మీద వేసుకున్నారు.

"దానమ్మా, ఇది తాటిబెల్లం" అన్నారు.

వంటింట్లో కైమా బుడుక్కు బుడుక్కుమనడం వినిపించింది.

అప్పుడు ఎస్తేరు చెప్పింది. "మాంసంలో తీపి తగలకూడదని మొదటిరోజే చెప్పారత్తయ్యా. భయమేసి దాచుకున్నాను. పులుపుకీ కారానికీ పక్కన చిటికెడు బెల్లం పడకపోతే ఆ వంట కుదరదనేవాడు మా నాన్న. అది ఆయన పెట్టిచ్చిన ఉండ. అదే ఆఖరిది."

యాకోబయ్యగారు ఊరుకోలేదు. మందని ఎవరు చెప్పారమ్మా నీకు అని అడిగారు. దానమ్మ తలెత్తి పక్కింటావిడ వైపు చూసింది. పక్కింటావిడ చాప మీద పుల్లలు లెక్కపెడుతోంది.

"ఎవరూ చెప్పలేదండి. నా అనుమానమే చెప్పింది" అంది దానమ్మ.

ఆ తర్వాత ఏం చేసిందో తెలుసా? ఆ ఉండ చేతిలోకి తీసుకుంది. ఉఫ్ ఉఫ్ అని ఒక్కో చీమనీ ఊదింది. కొంగుతో తుడిచింది. పాలల్లో వేలు పెట్టి చూసే మనిషి, వంటింట్లోకి వెళ్ళి, చీమలు కొరికిన ఆ బెల్లాన్ని తన చేత్తోనే కైమాలో వేసి కలిపింది. కోడలు సర్దుకున్న బట్టల మూట విప్పి దండెం మీద వేసింది. పెనం పెట్టి, నువ్వు బన్నులు కోసివ్వవే అంది.

అందరూ కంచాల ముందు కూర్చున్నారు. ఇమ్మానుయేలు ప్రార్థన మొదలెట్టాడు. ఎప్పటికన్నా పొడుగ్గా చేశాడు. దానమ్మ రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంది. ఎస్తేరు కూడా రెండు కళ్ళూ మూసుకుంది. ఆమెన్ అన్నాక కూడా దానమ్మ కళ్ళు తెరవలేదు. అలాగే మూసుకుని, కోడలివైపు తిరిగి, నోరు తెరిచింది. ఎస్తేరు బన్ను తుంచి పెట్టింది. ఇద్దరికీ కళ్ళమ్మట నీళ్ళు.

ఏంటి లేచి కూర్చున్నావు? లేవకూడదన్నానా?

వాళ్ళిద్దరూ రెండు కళ్ళూ మూసుకున్నారని నాకెలా తెలుసంటావా. అనుమానంలో దానమ్మ నోట్లోంచి ఊడిపడ్డావే నువ్వు. సరే, అడిగావు కాబట్టి చెప్తాను. ఆ గదిలో ఒక మనిషి కళ్ళు తెరిచే ఉంది. ఆ పక్కింటావిడని నేనే.

ఆ మాట కుళాయి దగ్గర చెప్పింది ఈ నోరే. మీ తాతయ్య గోడ దగ్గర నిలబడితే నాకు కుళ్ళొచ్చింది. మందూ లేదు, మాకూ లేదు, ఉన్నదల్లా నా కడుపులో కుళ్ళు. దానికి ఒక పిల్ల వీధిన పడబోయింది. దానమ్మ నా పేరు చెప్పనందుకు నాకు సిగ్గేసింది. చెప్పి తిట్టినా బాగుండేది.

అప్పుడు రెండో బన్ను ఎవరికి పెట్టింది ఎస్తేరు? నాకే. తినక్కా అంది. ఆ పిల్లకి తెలుసు నిస్సీ, అది నా మాటేనని. తెలిసే పెట్టింది. మర్నాడు అదే కుళాయి దగ్గర, అందరూ వింటుండగా, చెప్పింది నేనేనని ఒప్పుకున్నాను. క్షమించమన్నాను. దానమ్మ బిందె నింపుకుంటూ, సరేలే, నీ బిందె పొర్లిపోతోంది చూసుకో అంది.

ఆ తర్వాత ఎస్తేరే నాకు ఈ కైమా నేర్పింది. దానమ్మ తాటాకు బుట్టలో కొత్త బెల్లం తెప్పించి, వంటింట్లో అందరికీ కనపడేలా పెట్టింది. ఇవాళ నువ్వు చూసిన నల్ల ఉండ అలాంటిదే. నేను దాచి వెయ్యలేదు, నువ్వు అటు తిరిగి ఉన్నావంతే. రేపు నీ చేత్తోనే వేయిస్తాను. ఎవరి గురించైనా చెవిలో ఏదైనా చెప్పాలనిపిస్తే మటుకు ముందు నాకు చెప్పు. ఇక కళ్ళు మూసుకో. రెండూ.

నల్ల బెల్లం పులుసులోకి,
కైమా బన్ను కంచంలోకి,
అనుమానం అటకమీదికి,
చీమల బారు పుట్టలోకి,
కథేమో రైలెక్కి కంచికి,
మనమేమో నడిచి ఇంటికి,
నిద్దరేమో నిస్సీ కంటికి.