చిప్పనూనె

"మఠం తగలడిపోతందర్రోయ్!"

కాలవగట్టు వీధి ఆ చివర పాపాయమ్మ పెట్టిన కేక ఈ చివరిదాకా వినబడింది. కొబ్బరిపీచుతో తాళ్ళు పేనుకునే మనిషి. చేతిలో పని వదిలేసి నీళ్ళబిందెతో మఠం పెరట్లోకి పరిగెత్తుకొచ్చింది. తీరా చూస్తే ఏముంది? రాజుకుంటున్న పిడకల పక్కన మఠం శిష్యుడు శరభయ్య గొంతుక్కూర్చుని కళ్ళు నులుముకుంటున్నాడు. బిందె వంచబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"పొయ్యకమ్మా. నీ మోచేతుల తామరకే ఈ మందు."

"మందుకింత పొగేటండీ అయ్యగారూ," అని ఆవిడ బిందె దింపి అక్కడే చతికిలబడింది.

అసలు గొడవ పొద్దుటిది. వంట చూడాల్సిన నాగలింగం తత్వాలు పాడుకుంటూ మైమరిచిపోయి అన్నం మాడబెట్టాడు. శరభయ్య ఊరుకుంటాడా? వచ్చిన నలుగురి ముందూ, నువ్వు వంటకీ పనికిరావు, మఠానికీ పనికిరావు పొమ్మన్నాడు. నాగలింగం కిక్కురుమనకుండా వెళ్ళి కాలవరేవులో కూర్చున్నాడు. ఆ మఠంలో ఆచారం ఏమిటంటే, పంక్తిలో ఒక్కరు తక్కువైనా విస్తరి పరవరు. మళ్ళీ వండినా తినే దారి లేదు. పెద్దాయన చెన్నమల్లయ్యస్వామితో సహా అందరూ పస్తే.

శరభయ్య గురువుగారి దగ్గరే మొరపెట్టుకున్నాడు.

"ఉన్నమాటే అన్నాను స్వామీ. కడుపులో దాచుకోమంటారా?"

స్వామి కొబ్బరి తీసేసిన ఎండు చిప్పలు బుట్టెడు ముందు పెట్టి, పాపాయమ్మ తామరకి వీటిలోంచి నూనె తియ్యమన్నారు.

ఎండుచిప్పలో నూనేమిటి, విడ్డూరం కాకపోతే? వేడి తగిలితే కారుతుందేమోనని శరభయ్య సగం చిప్పలు పొయ్యిలో పడేశాడు. భగ్గుమని ఎంత అందంగా మండాయో! కాసేపు మురిసిపోయి చూశాడు. తీరా మిగిలింది గుప్పెడు బూడిద.

స్వామి నవ్వి, గొయ్యి తవ్వించి అందులో ముంత పెట్టారు. దానిమీద అడుగున చిల్లున్న కుండ, కుండలో మిగతా చిప్పలు, పైన మూత, సందుల్లో బంకమట్టి, చుట్టూ పిడకలు. ఇక చూస్తూ ఉండమని వెళ్ళిపోయారు.

అదీ, పాపాయమ్మ చూసి కేకపెట్టిన పొగ.

మొదట్లో అది అన్నం ఆవిరిలా తెల్లగా, మెత్తగా లేచింది. చెట్టుమీదుండగా తాగిన వానలన్నీ ఆ చిప్పలు మబ్బులకి తిరిగిచ్చేస్తున్నాయనిపించింది శరభయ్యకి. తర్వాత పసుపు తిరిగి, చిక్కబడి, ఘాటెక్కింది. కాలవ కనబడలేదు. పడవలు నీళ్ళమీద కాక పొగమీదే తేలిపోతున్నట్టున్నాయి. ఆ పొగలో ఎక్కడో తలవంచుకుని నాగలింగం. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొగవల్లనో, మరెందువల్లనో.

"దిగిందంటారా నూనె?" అంది పాపాయమ్మ.

అంతే, శరభయ్య ఆగలేకపోయాడు. కర్రతో మూత ఎత్తాడు. నిలువెత్తు మంట ఒక్కసారి లేచి మొహం మీదికొచ్చింది. వెనక్కి పడ్డాడు గానీ, ఎడమవైపు మీసం పోయింది.

స్వామి నెమ్మదిగా వచ్చి, పట్టకారుతో మూత వేసి, తడిమట్టి అద్దారు. శరభయ్య పక్కనే కూర్చున్నారు.

పొగ పలచబడి, నీలంగా మారి, ఆగిపోయింది. అంతా చల్లారాక తీశారు. పైకుండలో చిప్పలు ఆకారం చెడకుండా నల్లగా ఉన్నాయి. వేలితో కొడితే కంచులా మోగాయి. కింద ముంతలో జిగురుగా నల్లటి నూనె! స్వామి వేలితో తీసి పాపాయమ్మ మోచేతులకి రాశారు.

శరభయ్య ముంతలోకి చూస్తూనే ఉండిపోయాడు.

"ఇందాక నేను కాల్చిన చిప్పల్లో ఇదెక్కడికి పోయింది స్వామీ?"

"నువ్వు మురిసిపోయిన మంటలోనే నాయనా."

శరభయ్య కాసేపటికి లేచి రేవుకి వెళ్ళాడు. నాగలింగం పక్కన మెట్టుమీద కూర్చున్నాడు.

"అందర్లోనూ అంత మాట అనకుండా ఉండాల్సింది తమ్ముడూ. లే, ఆకలేస్తోంది," అన్నాడు.

నాగలింగం తలెత్తాడు. ఒకవైపే ఉన్న మీసాన్ని చూసి, నవ్వు ఆపుకోవాలని చాలా ప్రయత్నించి, ఓడిపోయాడు.

నాగలింగం వచ్చి మళ్ళీ వండాక విస్తళ్ళు పరిచారు. పాపాయమ్మని కూడా కూర్చోబెట్టారు. స్వామి మొదటి ముద్ద ఎత్తాక అందరూ ఎత్తారు.

నాగలింగం వండిన పప్పులో ఉప్పు లేదు. శరభయ్య చిటికెడు వేసుకుని, ఉప్పుగిన్నె చప్పుడు కాకుండా పక్క విస్తరివైపు జరిపాడు.