బీటలకోన గంగులమ్మకు గోపురం లేని కారణం

బీటలకోన గంగులమ్మకు గోపురం లేదు, పైకప్పు కూడా లేదు. అమ్మ ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ బండమీదే కొలువై ఉంది. భక్తులెవరూ గోపురం కట్టిస్తామని ఈ ఊరివాళ్లం, మా దగ్గరకు రావద్దు. చెప్పి చెప్పి మా నోళ్లు నొప్పెడుతున్నాయి. కారణం చదివి వెళ్లండి.

పూర్వం ఈ కోనను ఏలిన తిమ్మానాయకుడు ఇక్కడ శివుడికి ఆకాశమంత గోపురం తలపెట్టాడు. ఆయన చూపిన చోటు పాత వాగును ఇసుకతో పూడ్చిన నేల. రాళ్లు కొట్టే వడ్డె గంగులక్క పునాదిలో గునపం దించి చూసింది. "సామీ, ఇదంతా ఇసుక. గట్టి నేల తగిలేదాకా తవ్వనియ్యండి, లేకుంటే కూలుతుంది" అంది. ముహూర్తం దాటిపోతుందని పురోహితుడు మల్లుభట్టు కసిరాడు. నడుములోతులోనే తవ్వకం ఆపించి, దానిమీదే గోపురం లేపారు.

వైశాఖ శుద్ధ నవమి ఉదయం భూమి కంపించింది. గట్టి నేలమీది ఇళ్లు బీటలు వారినా నిలిచాయి. గోపురం మాత్రం పదకొండుమంది పనివాళ్లమీద కూలింది. వారిలో గంగులక్క భర్త ఓబులేసు ఒకడు.

లోపలి రాతిపొరలు జరిగాయి, భూమి కంపించింది. ఇసుకమీద గోపురం కట్టారు, మనుషులు చచ్చారు. ఇంతే కదా సంగతి! మల్లుభట్టు మాత్రం వడ్డెది పునాదిలో కాలుపెట్టినందుకే భూదేవి ఆగ్రహించిందన్నాడు. మూడు రోజులు శాంతిహోమం జరగాలని, అందాకా ఆ రాళ్లను ఎవరూ ముట్టరాదని తేల్చాడు. నాయకుడు తలూపాడు. ఛీ, ఏం మనుషులు!

రాళ్లు కొట్టేవాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. రాళ్ల కింద చిక్కుకున్నవాడు ఉలితో మూడు దెబ్బలు కొడితే బతికి ఉన్నానని అర్థం. ఆ రోజు శిథిలాల కింది నుంచి మూడు దెబ్బలు వినిపించాయి. "మా ఆయన బతికే ఉన్నాడు, నన్నొదలండి!" అని గంగులక్క గుండెలు బాదుకుంది. భటులు ఆమెను రాటకు కట్టేశారు. రెండో రోజు దెబ్బలు నెమ్మదించాయి. మూడో రోజు పూర్ణాహుతి వేళకు ఆగిపోయాయి.

కట్లు విప్పాక ఆమె ఒట్టి చేతులతో రాళ్లు తొలగించింది. ఓబులేసు ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. ఆమె ఆ బండమీదే కూర్చుని, అన్నం నీళ్లు ముట్టక, శిలగా మారిపోయింది.

తరువాత అమ్మగా వెలసిన గంగులక్క మల్లుభట్టు కలలో కనిపించి ఇలా ఆజ్ఞాపించింది: "నా నెత్తిన రాయి పెట్టకు. నీ మంత్రాలు నాకొద్దు. చేసిన పని నీ నోటితో చెప్పు. నీ తరువాత నీ పిల్లలు చెప్పాలి."

నేటికీ ఆ వంశంవారే అర్చకులు. ఏటా వైశాఖ శుద్ధ నవమినాడు హారతికి ముందు, భక్తులందరూ వినేలా, వారు ఆ తప్పు ఒప్పుకోవాలి. నిజం ఒప్పుకున్నవారి ఇల్లు అమ్మ చల్లగా చూస్తుందని మా నమ్మకం. కిందటేడు కొత్తగా వచ్చిన అర్చకుడు చివరి మాట గొణిగి హారతి పళ్లెం అందుకోబోయాడు. ముందు వరుసలో నిలబడ్డ వడ్డె ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"వినబళ్లేదయ్యా. మళ్లీ చెప్పు."

అతను పళ్లెం కింద పెట్టి, అందరికీ వినబడేలా చెప్పాడు: "భూమి కంపించింది ఆమెవల్ల కాదు. ఆయన బతికే ఉన్నాడు. మేమే తియ్యనివ్వలేదు."